బ్రో బ్రిడ్జ్‌లో మూడు రోజులు, కాస్త కొసరు

2011లో గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 22న వచ్చింది. ఈ తేదీ నాకు ఇంకా గుర్తుందంటే అది మా నాన్న క్యాలెండర్ పుణ్యమే. ఆ జనవరిలో హ్యూస్టన్‌లో మా అపార్ట్‌మెంట్‌కి వచ్చిన మర్నాడే, ఊరి నుంచి తెచ్చుకున్న తెలుగు క్యాలెండర్‌ని ఫ్రిజ్ తలుపుకి అంటించి, జూన్ 23 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. అది తిరుగు టికెట్ రోజు. రోజూ కాఫీ తాగ్గానే నిన్నటి గడి మీద ఒక గీత కొట్టి, "ఇంకా తొంభై", "ఇంకా డెబ్భై అయిదు" అని పైకే అనేవారు. మేం బయల్దేరిన పొద్దున లెక్క అరవై రెండు.

ఆయన్ని తప్పు పట్టలేను. భీమవరం దగ్గర పల్లెటూళ్ళో తెల్లారగట్ల అయిదింటికే చేలగట్టు మీద ఉండే మనిషి. ఏడింటికి టీ కొట్టు, ఎనిమిదింటికి పేపరు, ఆ తర్వాత ఊళ్ళో ఎవరి తగువైనా తనదే. అలాంటాయన్ని తెచ్చి రెండో అంతస్తులో కూర్చోబెట్టాం. కిందికి దిగితే కార్లు తప్ప మనుషులు కనిపించరు. అమ్మ పర్లేదు, తొందరగానే సర్దుకుంది. పేర్‌ల్యాండ్ మీనాక్షి గుళ్ళో ఇద్దరు స్నేహితురాళ్ళని కూడా సంపాదించింది. నాన్న మాత్రం బాల్కనీలో కుర్చీ వేసుకుని పార్కింగ్‌లో ఏ కారు ఎప్పుడు వెళ్ళింది, ఎప్పుడు వచ్చింది లెక్క రాసుకునే స్థితికి వచ్చారు.

మా ఆయన ఆఫీసులో పక్క రాష్ట్రం లూసియానా వాడొకడు చెప్పాడట, ఈ సీజన్‌లో క్రాఫిష్, అదే రొయ్యలాంటి ఒక మంచినీటి జీవి, తినకపోతే ఇటువైపు ఉండీ దండగ అని. ఊరి పేరు మా ఆయన కాగితం మీద రాసుకొచ్చి "బ్రియాక్స్ బ్రిడ్జ్" అని చదివారు. వెళ్ళాక తెలిసింది అది "బ్రో" అని, మిగతా అక్షరాలన్నీ అలంకారానికని.

"ఏముందట అక్కడ చూట్టానికి?" అంది అమ్మ.

"చూట్టానికి కాదు అత్తయ్యగారూ, తినటానికి."

అమ్మ వేళ్ళు లెక్కపెట్టుకుంది. శుక్రవారం లక్ష్మీదేవిది, శనివారం వెంకన్నది. ఆ రెండ్రోజులూ నీచు ముట్టదు. తిండి కోసం మూడు రోజుల ప్రయాణం పెట్టుకుంటే ఆవిడ వాటాకి దక్కింది ఒక్క ఆదివారం. "సరేలే, పులిహోర కలుపుతాను," అంది. కలపడమంటే కలపడమే. డిక్కీలో రైస్ కుక్కరు, పెరుగు డబ్బా, ఆవకాయ సీసా, వాటి మీద అరటిపళ్ళు. పెళ్ళికి వెళ్తున్నట్టు బయల్దేరాం.

హ్యూస్టన్ నుంచి ఐ-10 హైవే మీద తూర్పుకి దాదాపు 220 మైళ్ళు. బోమాంట్ దాటి, సబీన్ నది మీది వంతెన దాటితే లూసియానా. లేక్ చార్ల్స్ దాకా నాన్న కునికిపాట్లు పడుతూనే ఉన్నారు. జెనింగ్స్ దాటాక కాబోలు, ఉన్నట్టుండి నిటారుగా కూర్చున్నారు.

"ఇవి వరి చేలేనా?"

వరి చేలే. కనుచూపు మేర నీళ్ళు పెట్టిన మళ్ళు, మధ్యలో సన్నటి గట్లు, గట్ల మీద తెల్ల కొంగలు. ముందు వచ్చే క్రౌలీ అనే ఊరు తనని తాను అమెరికా వరి రాజధాని అని చెప్పుకుంటుంది. అదే సమయానికి ఒక చిన్న విమానం మా కారు మీదుగా బాగా కిందికి దిగి, నీళ్ళున్న మడిలో ఏదో చల్లుకుంటూ పోయింది. మందు కొడుతున్నారనుకున్నాం. తర్వాత తెలిసింది, అవి విత్తనాలట. నాన్న మెడ తిప్పి అది కనుమరుగయ్యేదాకా చూశారు. "వెదజల్లటానికి విమానమా! మన ఏరియల్ సర్వేకి కూడా ఇంత కిందికి రారు," అన్నారు. మూడు నెలల్లో ఆయన వేసిన మొదటి జోకు అది. మా ఆయన అద్దంలోంచి నా వంక చూశారు.

కొన్ని మళ్ళలో వరి లేదు. ఉత్త నీళ్ళు, నీళ్ళలోంచి వరసగా తలెత్తిన ఎర్రటి గొట్టాలు, ఎవరో ఎర్ర గ్లాసులు బోర్లించి వరస పేర్చినట్టు. వందల కొద్దీ ఉన్నాయి. ఏమిటని నాన్న అడిగారు. మాకూ తెలియదు.

బ్రో బ్రిడ్జ్ ఏడు వేల చిల్లర జనాభా ఉన్న ఊరు. మన వైపు అంత ఊరుంటే రెండు సినిమా హాళ్ళు, నాలుగు కల్యాణ మండపాలు ఉంటాయి. ఇక్కడ ఒక మెయిన్ వీధి, పాత ఇనప వంతెన, దాని కింద గోధుమ రంగులో కదలీ కదలనట్టున్న బయూ టెష్. బయూ అంటే మన పంట కాలువకి పెద్దన్న, నదికి చిన్న తమ్ముడు అనుకోండి. 1799లో బ్రో అనే ఆయన తన పొలానికీ అవతలి గట్టుకీ మధ్య ఒక నడక వంతెన వేసుకున్నాడు, దాని పేరే ఊరికి స్థిరపడింది. 1959లో రాష్ట్ర శాసనసభ ఈ ఊరిని ప్రపంచ క్రాఫిష్ రాజధాని అని ప్రకటించింది. ఒక జలచరం పేరు మీద అసెంబ్లీ తీర్మానం చెయ్యటం నాన్నకి తెగ నచ్చింది. "మన రొయ్యకి ఇవ్వలేదు చూడు ఎవడూ ఒక బిరుదు," అన్నారు.

మేం దిగింది ఒక పెద్దావిడ ఇంట్లో. చెక్క ఇల్లు, ముందు వెడల్పాటి వరండా, రెండు ఊగే కుర్చీలు, పెరట్లో పెద్ద ఓక్ చెట్టు. 73 ఏళ్ళట ఆవిడకి. పై గదులు అద్దెకిస్తుంది. ఎవరిని పిలిచినా "షా" అనే పిలుస్తుంది. నన్నూ షా, అమ్మనీ షా, మా అయిదేళ్ళవాణ్ణీ షా. ఫ్రెంచిలో ప్రియమైన అని చెప్పే మాట వీళ్ళ నోట్లో పడి అలా నలిగిందట. మనం "అమ్మలూ", "నాన్నా" అన్నట్టే. సామాను దించుతుంటే రైస్ కుక్కర్ చూసి ఆవిడ పెద్దగా నవ్వి, తన వంటింట్లోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. గట్టు మీద ఆవిడ రైస్ కుక్కరు. మూడు పూటలా అన్నం తినే తెల్లవాళ్ళని అమ్మ అప్పుడే మొదటిసారి చూడటం. ఆ క్షణం నుంచీ వాళ్ళిద్దరి మధ్యా మేం అక్కర్లేకపోయింది.

"సాయంత్రం మా తమ్ముడింట్లో క్రాఫిష్ ఉడకబెడుతున్నారు, మీరూ రావాలి," అంది ఆవిడ. గుడ్ ఫ్రైడే నాడు ఇక్కడ కాథలిక్కులు మాంసం తినరు. మరి క్రాఫిష్? అది మాంసం కింద లెక్క కాదు, చేపల జాబితాలోది. కాబట్టి ఆ రోజు ఊరు ఊరంతా పెరళ్ళలో కుండలెక్కిస్తుంది. దీని మీద అమ్మ అభ్యంతరం నేను ఇంగ్లీషులోకి మార్చలేదు. "రొయ్య నీచు కాకపోవడమేమిటే? ఇదేం ఉపవాసం!" అంది నా చెవిలో. అంతలోనే ఆవిడ ఇంకో మాట చెప్పింది. ఈ రోజు మట్టి తవ్వరట, పార పెడితే నేల రక్తం కారుతుందని వాళ్ళ నాయనమ్మ చెప్పేదట. అది విని అమ్మ మెత్తబడింది. మట్టికి కూడా సెలవుండే మతం మంచిదే అన్నట్టు తలూపింది.

తమ్ముడుగారి ఇల్లు ఊరవతల. ఇంటి వెనకే మళ్ళు, వాటిలో పొద్దున చూసిన అవే ఎర్ర గొట్టాలు. నాన్న పలకరింపులు పూర్తి కాకుండానే అటు నడిచారు. నేనూ మా ఆయనా వెనకాల.

ఆ రైతుకి అరవై దాటి ఉంటాయి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. నాన్న చేత్తో గొట్టం వైపు చూపించి కనుబొమలెగరేశారు. ఆయన ఒకటి పైకి లాగాడు. తీగ వలతో గోపురంలా చేసిన బోను. కింద మూడు వైపులా లోపలికి వెళ్ళటానికి దారులు, పైన ఎర్ర ప్లాస్టిక్ కంఠం. లోపల పాతిక ముప్ఫై, నల్లగా ఎర్రగా, కొండీలు ఎత్తి కరవటానికి సిద్ధంగా ఉన్నాయి. రొయ్యకీ పీతకీ పెళ్ళి చేస్తే పుట్టే పిల్లలా ఉంటుంది క్రాఫిష్.

అక్కణ్ణించి ఒక గంట మా ఆయన దుబాసీ పని చేశారు. పిల్లల్ని ఎక్కడ కొంటారు? కొనరు. వేసవి మొదట్లో వరి చేలో తల్లుల్ని వదిలితే అవే బొరియలు చేసుకుని మట్టిలోకి పోతాయి. వరి కోసేశాక, చలి ముందు మళ్ళీ నీళ్ళు పెడితే పిల్లలతో పైకి వస్తాయి. మేత? వెయ్యరు. కోసిన వరి మోళ్ళు నీళ్ళలో కుళ్ళుతాయి కదా, అదే వాటికి మేత. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు? అసలు లేవు. ఒకసారి దించిన చేలో ఏళ్ళ తరబడి అవే పుట్టుకొస్తాయి. నాన్న ఒక్కొక్క జవాబూ విని వెంటనే తెలుగులో నాకు తిరిగి చెప్పేవారు, నాకు ఇంగ్లీషు రానట్టు. "మేత ఖర్చు లేదట్రా అమ్మాయ్! కరెంటు బిల్లు లేదట!"

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. మాకు నాలుగెకరాలు. తొంభైల మొదట్లో మా చుట్టుపక్కల అందరూ వరి మాన్పించి చెరువులు తవ్వించినప్పుడు నాన్న కూడా తవ్వించారు. టైగర్ రొయ్య. మొదటి పంట బంగారం. ఇంటికి ఫ్రిజ్, టీవీ ఒకేసారి వచ్చాయి. రెండో పంటకి అమ్మ నిజం బంగారం కూడా తాకట్టులోకి వెళ్ళింది. మూడో పంట మీద ఉండగా ఒక తెల్లవారుజామున చెరువు గట్టు మీద కాకులు. ఒకటీ రెండూ కాదు, గట్టంతా నల్లగా. రొయ్యలు లోతు వదిలేసి అంచుకి వచ్చి తేలుతున్నాయి. ఒకటి తీసి పెంకు ఎత్తి వెలుతురుకి పెడితే సున్నం చుక్కల్లాంటి తెల్ల మచ్చలు. నేనప్పుడు తొమ్మిదో క్లాసు. ఆ పెంకుని నాన్న అలా పట్టుకుని నిలబడిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళక్కట్టినట్టుంటుంది. నాలుగు రోజుల్లో చెరువంతా ఖాళీ. ఆ తర్వాత చెరువు పూడ్పించి మళ్ళీ వరికి వెళ్ళారు. అప్పులు తీరటానికి ఏడేళ్ళు పట్టింది. రొయ్యల మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆ లూసియానా గట్టు మీద నాన్న కొంచెంసేపు ఊరుకుని, మా ఆయన వైపు చూడకుండా, నేరుగా ఆ రైతునే అడిగారు.

"వైట్ స్పాట్?"

ఆ తెల్ల మచ్చల రోగం పేరుకి దుబాసీ అక్కర్లేకపోయింది. ఆ మనిషి చేతిలో బోను కిందికి దించాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. 2007లో వచ్చిందని చెప్పాడు. రాష్ట్రంలో చాలా చెరువుల్లో పట్టుకున్నారట, ఆయనకి ఒక చెరువు పోయిందట. పొద్దున్నే వచ్చి చూస్తే బోన్లలో అన్నీ చచ్చి ఉన్నాయట. నాన్న తన గుండె మీద వేలు పెట్టుకుని "నాలుగెకరాలు, 1994" అన్నారు, సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ఆయన నాన్న భుజం మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టాడు. ఇద్దరూ నీళ్ళ వంక చూస్తూ నిలబడ్డారు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకొచ్చేశారు.

తర్వాత నాన్నని పడవెక్కించుకుని తీసుకెళ్ళాడు. రేకు పడవ, అడుగు బల్లపరుపుగా ఉంటుంది, వెనకాల ఒక ఇనప చక్రం మడి అడుగున తిరుగుతూ తోస్తుంది. పడవ ఆగదు. నడుస్తుండగానే ఒక చేత్తో బోను ఎత్తి, బల్ల మీద కుమ్మరించి, ఎర ముక్క వేసి, తర్వాతి జాగాలో దించెయ్యాలి. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, కండువా లేదు కాబట్టి నా స్కార్ఫ్ తలకి చుట్టుకుని, నాన్న రెండో వరస నుంచీ తనే బోన్లు ఎత్తారు. మా ఆయన తీసిన ఫోటో అదే.

ఇక తిండి. ఇంత చెప్పి తిండి గురించి రెండు ముక్కల్లో తేల్చేస్తే పాపం.

గ్యాస్ పొయ్యి మీద మన పెళ్ళి భోజనాల డేగిసా అంత కుండ, లోపల చిల్లుల బుట్ట. నీళ్ళలో ఉప్పు, ఎండుకారం, నిమ్మకాయలు, ఒలవని వెల్లుల్లి గడ్డలు. ముందు బంగాళదుంపలు, తర్వాత మొక్కజొన్న ముక్కలు, ఆఖర్న బస్తాడు క్రాఫిష్. ముందే తొట్లో పోసి మూడు నీళ్ళలో కడిగారు, బురద అంతా పోయేదాకా. పొంగు వచ్చాక ఉడికేది కొద్ది నిమిషాలే. అసలు కిటుకు ఆ తర్వాత. మంట ఆపేసి, ఆ కారం నీళ్ళలోనే నానబెడతారు. కారం లోపలికి పట్టేది అప్పుడే. మనం పులుసు దించాక మూత పెట్టి వదిలేస్తాం చూడండి, ఆ లెక్క. తర్వాత నలుగురు మగాళ్ళు బుట్ట ఎత్తి, పేపర్లు పరిచిన బల్ల మీద ఒక్కసారిగా బోర్లించారు. ఆవిరి, కారం ఘాటు. అందరికీ ఒకేసారి దగ్గు. ప్లేట్లు లేవు, చెంచాలు లేవు. నిలబడి తినటమే.

తల ఒక చేత్తో, తోక ఒక చేత్తో పట్టుకుని మెలిపెట్టాలి. తోక మొదట్లో నొక్కి లాగితే కండ ముక్క మొత్తం వచ్చేస్తుంది. తలకాయని పీల్చాలి. పసుపుపచ్చగా కొవ్వు, కారం కలిసిన రసం. ఎలా తినాలో ఆ ఇంటి కోడలు మాకు నేర్పుతుంటే, అటు పక్క నాన్న ముందు అప్పటికే డొప్పల గుట్ట లేచింది. మధ్యలో రెండు మూడు తీసి పక్కన పెట్టారు. ఎందుకని అడిగితే, "తోక చూడు, కర్రలా ఉంది. బతికున్నదైతే వేడి తగలగానే ముడుచుకోవాలి కదా. ఇది ముందే చచ్చి ఉండొచ్చు," అన్నారు. ఆ కోడలు సరిగ్గా అదే హెచ్చరిక చెప్పబోతూ ఆగిపోయింది.

అమ్మ ఊగే కుర్చీలో కూర్చుని పులిహోర తింది. అరగంటలో ఆవిడ గిన్నె చుట్టూ కూడా జనం చేరారు. చింతపండు రుచి చూసి ఒక ముసలాయన కళ్ళు మూసుకున్నాడు.

శనివారం పొద్దున ఎనిమిదింటికే మెయిన్ వీధిలో కెఫే దేజామీ ముందు క్యూ. శనివారాల్లో అక్కడ టిఫిన్‌తో పాటు జైడికో అనే ఇక్కడి పాట. ఇప్పుడు ఆ హోటల్ లేదు, 2017లో మూసేశారు. పొద్దున్నే కాఫీ కప్పు పక్కన పెట్టి జంటలు జంటలుగా లేచి డాన్సు చెయ్యటం మా అమ్మకి మింగుడు పడలేదు. అయినా కాలు మాత్రం బల్ల కింద తాళం వేస్తోంది. అకార్డియన్ వాయించేవాడు ఒకడు, వాడి పక్కన ఛాతీకి ముడతల రేకు తొడుక్కుని దాన్ని చెంచాలతో గీకేవాడు ఇంకొకడు. ఈ సంగీతానికి పేరెలా వచ్చిందో మా ఇంటి పెద్దావిడ చెప్పింది. "చిక్కుళ్ళలో ఉప్పు లేదు" అనే ఒక ఫ్రెంచి పాట ముక్కలోంచట. చిక్కుళ్ళతో పాటు వేసుకోవటానికి ఉప్పు మాంసం కూడా లేనంత పేదరికం అని అర్థం. "కూరలో ఉప్పు లేదని పాట కట్టారా? మీ నాన్నయితే కంచం తోసేసేవారు," అంది అమ్మ. శనివారం కదా, ఆవిడ తిన్నది పంది చెవి. కంగారు పడకండి. పేరే అది. మైదా పిండి పల్చగా వత్తి నూనెలో వేస్తే చెవిలా మడత పడుతుంది, పైన చక్కెర పొడి. పేరు అనువదించకుండా పెట్టాం. రెండు తిన్నాక చెప్పాం. వారం రోజులు మాట్లాడలేదు నాతో, అంటే మాట్లాడింది గానీ వంట గురించి మాత్రమే.

ఆ మధ్యాహ్నం ఏవరీ ఐలండ్ వెళ్ళాం, ముప్పావు గంట దారి. టబాస్కో సీసా పుట్టిన చోటు. 1868 నుంచీ ఒకే కుటుంబం చేస్తోంది. కారు దిగగానే వెనిగర్ ఘాటు ముక్కుకి తగిలింది. లోపల సినిమా వేసి చూపించారు. పండు మిరపకాయలు కొయ్యాలి. సరైన ఎరుపు వచ్చిందో లేదో పోల్చుకోవటానికి కూలీల చేతిలో ఎర్ర రంగు వేసిన చిన్న పుల్ల. కోసిన రోజే ఉప్పేసి రుబ్బాలి. ఆ ముద్దని ఓక్ పీపాల్లో పోసి, మూత మీద ఉప్పు పరిచి, మూడేళ్ళ దాకా ఊరనివ్వాలి. ఆ తర్వాత వెనిగర్.

అమ్మ నా మోచెయ్యి గిల్లింది. "ఇది పండుమిరపకాయ పచ్చడే కదే!"

అవును మరి. వాళ్ళు వెనిగర్ పోస్తే మనం చింతపండు పెడతాం. వాళ్ళకి పీపా, మనకి జాడీ. అమ్మ చివరిదాకా ఆ సినిమా చూసి, ఒకే ఒక లోపం పట్టుకుంది. "మెంతిపిండి వెయ్యలేదు. పోపూ లేదు." బయటికి వస్తుంటే చిటికెన వేలంత సీసాలు చేతిలో పెట్టారు, ఊరికే. అదేమిటని అడిగితే కౌంటర్లో అమ్మాయి "లాన్యాప్" అంది. లూసియానాలో కొట్టువాడు కొన్నదాని మీద ఊరికే వేసే పిసరంతని లాన్యాప్ అంటారట. నాన్న ఒక్క క్షణం ఆలోచించి, "కొసరు!" అన్నారు. ఇంగ్లీషులో నేను ఎంత వెతికినా దొరకని మాట అది. ఆ ముక్క ఫ్రెంచి వాళ్ళ నోట్లో, మన నోట్లో ఉంది.

మార్టిన్ చెరువు దగ్గర సాయంత్రం మొసళ్ళని చూశాం. ఎలిగేటర్లు. మావాడికి అదే ఈ ప్రయాణం మొత్తం. నేను ఎక్కువ రాయను, మొసలి మొసలే. వచ్చేటప్పుడు పెట్రోలు బంకులో మా ఆయన బూడాన్ కొనుక్కున్నారు. పంది మాంసం, అన్నం, ఉల్లికాడలు కలిపి పేగులో కూరి ఉడికించింది. నాన్న దూరంగా నిలబడ్డారు. "అల్లుడుగారూ, మీరు కానివ్వండి."

ఆ రాత్రి వరండాలో పెద్దావిడ తన చిన్నప్పటి సంగతి చెప్పింది. 1755 నుంచీ బ్రిటిష్ వాళ్ళు కెనడాలోని నోవా స్కోషియా వైపు నుంచి తరిమేసిన ఫ్రెంచి రైతులు వీళ్ళ పూర్వీకులు. అకేడియన్లు అన్న ఆ రైతుల పేరే నలిగి, ఇప్పుడు వీళ్ళని పిలిచే కేజన్ అయింది. ఆవిడ బడికి వెళ్ళేనాటికి ఇంట్లో ఫ్రెంచి తప్ప ఇంకో మాట రాదు. బళ్ళో ఫ్రెంచి మాట్లాడితే శిక్ష. బాత్రూమ్‌కి వెళ్ళాలని ఇంగ్లీషులో అడగటం రాక ఒకసారి కూర్చున్న చోటే తడిపేసుకుందట. నవ్వుతూనే చెప్పింది. ఆవిడ పిల్లలకి ఫ్రెంచి నేర్పలేదు. ఇదంతా నేను తెలుగులో చెప్తుంటే నాన్న విని, మా వాణ్ణి ఒళ్ళోకి లాక్కున్నారు. ఆ రాత్రి వాడికి తెలుగులో కథ చెప్పారు. వాడు మధ్య మధ్య ఇంగ్లీషులోనే ప్రశ్నలు వేశాడు.

ఈస్టర్ ఆదివారం. పొద్దున్నే పిల్లలకి రంగులేసిన ఉడకబెట్టిన గుడ్లు ఇచ్చి, కొనతో కొన కొట్టించే ఆట. ఎవరి గుడ్డు పగిలితే అది గెలిచినవాడిది. మావాడు ఆరు గెలిచాడు, నాలుగు తిన్నాడు. ఫలితం దారిలో తెలిసింది.

అమ్మ ఆ పొద్దున స్నానం చేసి నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. రెండ్రోజుల బాకీ తీర్చుకోవాలి కదా. శుక్రవారం మిగిలిన తోకలు ఒలిచి ఫ్రిజ్‌లో పెట్టి ఉన్నాయి. పెద్దావిడ ఎటూఫే చేస్తోంది. 1920ల్లో ఈ ఊళ్ళోని ఒక హోటల్లోనే ఈ వంట మొదలైందని వాళ్ళు చెప్పుకుంటారు. వెన్నలో మైదా వేసి సన్న సెగ మీద తిప్పుతూనే ఉండాలి. తర్వాత ఉల్లిపాయ, సెలెరీ, క్యాప్సికం. ఈ మూటినీ వీళ్ళు త్రిమూర్తులంటారు, నిజంగానే. అవి మగ్గాక క్రాఫిష్, దాని కొవ్వు. మూత పెట్టి మగ్గనివ్వాలి, అన్నం మీద వేసుకోవాలి. అమ్మ చూస్తూ చూస్తూ పక్క పొయ్యి వెలిగించింది. మిగిలిన సగం తోకలతో ఇగురు. ఉల్లిపాయ ఎర్రగా వేగనిచ్చి, అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, ధనియాల పొడి. ఒకరి పొయ్యిలోకి ఒకరు తొంగి చూసుకుంటూ, ఒకరికి తెలుగు రాదు, ఇంకొకరికి ఇంగ్లీషు రాదు, మాటలు మాత్రం ఆగలేదు. అమ్మ ఇగురు నోట్లో పెట్టుకుని ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "షా, మైదా వెయ్యకుండా ఇది దగ్గరికెలా వచ్చింది?" ఉల్లిపాయ అని చెప్పాను. నమ్మలేదు. గరిటె పెట్టి అడుగు దాకా వెతికింది.

ఎటూఫే తిని అమ్మ ఇచ్చిన తీర్పు: "బాగుంది. కారం సీసా ఏదీ?" ఏవరీ ఐలండ్ బుల్లి సీసా ఒకటి అక్కడే అయిపోయింది.

బయల్దేరేముందు తమ్ముడుగారు ట్రక్కులో వచ్చాడు, ఐస్ డబ్బాలో ఒలిచిన తోకలు రెండు సంచులు. డబ్బులివ్వబోతే చెయ్యి ఊపేశాడు. తర్వాత సీటు వెనక నుంచి ఇంకోటి తీసి నాన్న చేతికిచ్చాడు. పాత బోను నుంచి ఊడదీసిన ఎర్ర ప్లాస్టిక్ కంఠం. ఎండకి కొంచెం వెలిసిపోయి ఉంది.

"కొసరు," అన్నారు నాన్న.

"లాన్యాప్," అన్నాడాయన.

ఆ మే నెలలో మిసిసిపీకి వరద వచ్చింది. 14న మోర్గాంజా అనే చోట వరద గేట్లు తెరిచి నీటిని ఎచాఫలాయా నది వైపు మళ్ళించారు. 1973 తర్వాత అదే మొదటిసారి. నాన్న రోజంతా టీవీ ముందే. "వాళ్ళ పొలం గట్టుకి ఇవతలా, అవతలా? ఫోన్ చెయ్యి అమ్మాయ్," అని మూడుసార్లు చేయించారు. గట్టుకి ఇవతలేనట, అంతా క్షేమం. క్యాలెండర్ మీద గీతలు కొట్టటం ఆయన ఎప్పుడు మానేశారో నేను గమనించలేదు. జూన్‌లో తీసి చుట్టేటప్పుడు చూస్తే ఏప్రిల్ 21 గడి దాకానే ఉన్నాయి, ఆ మర్నాటి నుంచీ ఖాళీ.

ఆ ఎర్ర కంఠం పంచెల మధ్య పెట్టుకుని ఇండియా తీసుకెళ్ళారు. అమ్మ ఎంత సణిగినా వినలేదు. 2013లో నేను ఊరెళ్ళినప్పుడు అది వంటింట్లో అటక కింద, పండుమిరపకాయ పచ్చడి జాడీకి కుదురుగా ఉంది. అచ్చు కొలిచి చేసినట్టు సరిపోయింది.

"బాగానే పనికొచ్చిందే," అన్నాను.

"ఏం పనికిరావటం," అంది అమ్మ. "గట్టు మీద ఎవడైనా కొత్తవాడు దొరికితే చాలు, చూపిస్తానని పట్టుకుపోతారు మీ నాన్న. మళ్ళీ తెచ్చేదాకా నా జాడీ ఓ పక్కకి ఒరిగి ఉంటుంది."